గేటు పాసు

లాకీ లైబ్రరీలో గురువారం సాయంత్రాలు
రేడియేటర్ పక్క బల్ల నాది.
పాత ల్యాప్‌టాప్‌లకు లినక్స్ ఎక్కించడం,
ఎక్కించినవాటి బాధలు వినడం,
జీతం లేని కొలువు. టీ మాత్రం ఇస్తారు.

మూడున్నరకే చీకటి పడే డిసెంబరు.
టే నది మీంచి గాలి
తలుపు తీసిన ప్రతివాళ్ళతోనూ లోపలికొస్తోంది,
ఎవర్నీ అడక్కుండా.

యూవన్ పెట్రీ గారు, ఎనభై రెండేళ్ళు,
సంచిలోంచి యంత్రాన్ని తీసి
తడిసిన పిల్లికూనని దించినట్టు దించారు.
"నా భార్య ఫొటోలు ఇందులోనే ఉన్నాయి.
బొమ్మలు చూపించే ఈ అప్లికేషనేమో
ఏమీ లేవంటోంది."

ఉన్నాయి. నాకు కనిపిస్తున్నాయి.
దానికే కనిపించవు.
దాని గది దానిది, నాలుగు గోడలు,
గోడలవతల ఇల్లొకటుందని కూడా తెలీదు.
అబద్ధమాడటం లేదు పాపం,
దాని లోకంలో నిజంగానే ఏమీ లేవు.

అనుమతుల పేజీ తెరిచాను.
వరసగా మీటలు: నెట్‌వర్కు, మైకు, కెమెరా, ప్రింటరు,
వాటి కింద, ఏమీ ఎరగనట్టు,
"అన్ని ఫైళ్ళూ".
వెనక ఇంకా నలుగురు నిలబడున్నారు.
ఆ ఒక్కటీ నొక్కేస్తే అయిపోతుంది.
నొక్కబోయాను కూడా. ప్రతివారం నొక్కుతూనే ఉన్నాను,
ఎవరూ అడగరు.

"అదేమిటి?" అన్నారాయన.
ఇల్లంతా ఇచ్చెయ్యడం, అన్నాను.
"బొమ్మలు చూడ్డానికి ఇల్లంతా ఎందుకు?"

అప్పుడు చెప్పారు,
ఇరవై రెండేళ్ళు జనపనార మిల్లు గేటు దగ్గర కూర్చున్నానని.
నేత షెడ్డువాడికి నేత షెడ్డే.
రంగుల గదివాడు ఆఫీసు మెట్లెక్కకూడదు.
బేళ్ళు దించడానికొచ్చినవాడు
రేవు వైపు తలుపులో వచ్చి ఆ తలుపులోనే పోవాలి.
"మేనేజరు తమ్ముడైనా సరే, చీటీ ఉండాలి."

నవ్వొచ్చింది నాకు. మా తాత కూడా
నెల్లిమర్ల మిల్లు మనిషే.
ఒళ్ళంతా నార వాసన,
చొక్కా జేబులో నలిగిన గేటు పాసు,
మిల్లు మూసిన రోజున కూడా తీసేవాడు కాదు.
ఆ మాట చెబితే పెట్రీ గారు
నా మణికట్టు పట్టుకుని కాసేపు ఊరుకున్నారు.
ఈ ఊరికీ ఆ ఊరికీ మధ్య
ఎన్ని గోనె సంచులు తిరిగాయో, ఎవరు లెక్కపెట్టారు!

సరే, మళ్ళీ మొదలుపెట్టాం.
ఒక్క ఫోల్డరుకే దారి రాశాను, దాని పేరు ఐల్సా.
చివర రెండక్షరాలు తగిలించాను: చదవడానికి మాత్రమే.
"అంటే?"
"చూస్తుంది. ముట్టుకోలేదు."
"నెట్‌వర్కు?"
"తీసేశాను. చూసింది బయటికి మోసే దారి లేదు."
"మంచి పనివాడు," అన్నారు, అప్లికేషన్ని.

తెరుచుకుంది.
అర్బ్రోత్ సముద్రపొడ్డు, ఎర్ర కోటు,
గాలికి ముఖమంతా జుట్టు,
వద్దంటూ కెమెరాకి అడ్డం పెట్టిన చెయ్యి.
యాభై ఏళ్ళనాటి ఆ అరచెయ్యి
తెర నిండా.
"ఎప్పుడూ ఒప్పుకునేది కాదు," అన్నారు,
"అయినా తీసేవాణ్ణి."
నేను టీ కప్పు వైపు చూశాను.

రాత్రి గదికొచ్చి
నా సొంత యంత్రంలో అదే పేజీ తెరిచాను.
వాతావరణం చెప్పేదాని చేతిలో నా చిరునామా.
డండీలో వాన అని చెప్పడానికి చిరునామా ఎందుకే నీకు?
పాటలు వినిపించేదానికి కెమెరా.
ఎవరితోనో ఒకే ఒక్కసారి మాట్లాడి మానేసినదానికి
మైకు, ఇంకా.
చుట్టాలెళ్ళిపోయాక పందిట్లో బల్బులు తీసినట్టు
ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయాను.
ఏదీ అలగలేదు. పాట ఆగను కూడా లేదు.

మరుసటి గురువారం మళ్ళీ వచ్చారు,
బిస్కట్ల డబ్బాతో, ఒకే ప్రశ్నతో.
"ఇచ్చిన చీటీ వెనక్కి తీసుకోవచ్చని తెలిసింది.
మరి అది ఈపాటికే చూసేసినవో?"

దానికి మీట లేదండీ, అన్నాను.
ఆయన తలూపారు, ముందే తెలిసినట్టు.
డబ్బా మూత బిగుసుకుపోయి ఉంది.
చెరో వైపు పట్టుకుని లాగాం.